నిదానము

నిదానమను మాటకు మన వ్యవహారమున రెండర్థములు గలవు. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగమూలమును నిర్ణయించుట. ఇంటి మాటలలో నిదానమనగా తొందర లేకుండుట. ఈ రెండును వేఱువేఱు గుణములని మనము తలచుచున్నాము గాని, ఒకటి లేనిచో రెండవది నిలువదని మా యభిప్రాయము. ఇందులకు మేము తీసికొను దృష్టాంతము ఉప్పునీటి తొట్టెలో పెంచు చేపలకు వచ్చు రోగము. ఇంత చిన్న విషయమా యని చదువరులు చిన్నచూపు చూడకుందురు గాక! మాటలాడలేని ప్రాణిని తన ముచ్చటకై గాజుగోడల నడుమ బంధించినవాడు దాని రోగమును తెలిసికొనుటకు గూడ బద్ధుడు.

సముద్రమునకు దూరమైన పట్టణములలో సయితము సముద్రపు చేపలను ఇండ్లలో పెంచుట నేడు కలదు. వీనిలో పెక్కు పగడపు దిబ్బల యొద్ద పట్టి తెచ్చినవి. అచ్చటను వానికి పరాన్నజీవుల బాధ లేకపోలేదు. కాని సముద్రమున నీరు అనంతము. ఒక చేపనుండి రాలిన క్రిమి సంతతికి మఱియొక చేప దొరకుట అరుదు. తొట్టెలోనో, తప్పించుకొని పోవుటకు చేపకు చోటేది? సముద్రమున చిల్లర బాధగా నున్నది తొట్టెలో మహమ్మారి యగుటకు ఇదియే కారణము.

మేమెఱిగిన యొక గృహస్థుని యింట ఇట్టి తొట్టె కలదు. అందు నారింజవన్నెపై తెల్లపట్టెలు గల చేపలు మూడు, నీలపు చేపలు రెండు నుండెను. నీలపు చేపలలో నొకదానిని క్రొత్తగా కొని తెచ్చి, ఆ దినముననే తొట్టెలో విడిచిరి. కొన్నాళ్లకు దాని రెక్కలపై ఉప్పురవ్వలవంటి తెల్లని చుక్కలు కనబడెను. చేప రాళ్లకు ఒడలు రాచుకొనసాగెను. బంధువొకరు మేతలో వెల్లుల్లిరసము కలుపుమనిరి; కలిపిరి. నాలుగవనాటికి చుక్క యొక్కటియు లేదు.

“మాష్టారూ, వెల్లుల్లి మహిమ చూచితిరా? రోగము కుదిరిపోయినది” అని గృహస్థు మాతో సంతోషముగా ననెను. ప్రక్కనున్న పదేండ్ల కుమార్తె, “ఆ చుక్కలు ఎక్కడికి పోయినవండీ, మాష్టారూ?” అని యడిగెను. తండ్రి నవ్వి, “పోయినవి, చాలదా అమ్మా?” అనెను. చాలదు. ఆ దినమున ఆ యింట అడుగవలసిన ప్రశ్నను అడిగినది ఆ బాలిక యొక్కతెయే.

చుక్కలు మందువలన చచ్చినవి కావు. తమ పని ముగించుకొని దిగిపోయినవి. ఆ చుక్క క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అను ఏకకణజీవి. అది చేప చర్మపు పైపొర లోపల చేరి, 3 మొదలు 7 దినముల వరకు మేసి బలియును. పిదప, తఱచుగా చీకటివేళ, చేపను విడిచి, తొట్టె యడుగున ఇసుకకో రాతికో అంటుకొని, తన చుట్టు గట్టి పెంకు కట్టుకొని, లోపల అనేక ఖండములుగా విడిపోవును. ఒక పెంకునుండి 200 పిల్లల వరకు వెలువడవచ్చును. వెలువడిన పిల్ల ఒకటి రెండు దినములలో చేపను చేరవలెను, లేనిచో చచ్చును. పెంకు పగులుటకు సామాన్యముగా వారము దినములు పట్టునుగాని, 72 దినముల వరకు ఆలస్యమైనట్లు గూడ శాస్త్రజ్ఞులు గుర్తించిరి. కాబట్టి చుక్కలు మాయమైన దినము ఆరోగ్యదినము కాదు. శత్రువు సేనను కూర్చుకొనుచున్న దినము. ఆ నడుమ ఏ మందు వేసినను, అసలు వేయకున్నను, చేప శుభ్రముగనే కనబడును. కీర్తి మాత్రము మందునకు దక్కును. లోకమున ఎన్ని చిట్కాలకు ఇట్లు పేరు వచ్చినదో యోచింపుడు!

పదవనాడు చుక్కలు తిరిగి వచ్చెను. ఈసారి అన్ని చేపలపైనను వచ్చెను. రెండు చేపలు చచ్చెను. అప్పుడు గృహస్థు రాగిమందు సీసా పట్టుకొని, ఎంత పోయవలెనని మమ్మడిగెను. ముందు రోగమేదో చూతమంటిమి. మా పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించు మిత్రుడు సూక్ష్మదర్శినితో వచ్చి, చేప యొంటి జిగురును మెల్లగా గీకి, తొట్టెనీటి బొట్టులో నుంచి చూచి, బాలికకు చూపెను. గుండ్రని జీవి యొకటి, ఒడలెల్ల సన్నని నూగుతో, మెల్లగా తిరుగుచుండెను.

ఈ పరీక్ష ఏలయనగా, చేపలను పట్టు శత్రువులు పలువురు. ఒకనికి తగిన మందు మఱియొకనికి తగదు. అమిలూడినియం అను జీవి బంగారుపొడి చల్లినట్లు కనబడును. తఱచు కనబడక పూర్వమే మొప్పలను పట్టి, చేపను రొప్పించి చంపును. బ్రూక్లినెల్లా ముఖ్యముగా పట్టెల చేపలను పట్టి, ఒంటినిండ జిగురు పొరలు లేపును. దానికి రాగి నమ్మదగిన మందు కాదు, ఫార్మలిను వలయును. నియోబెనెడీనియా అను చదును పురుగు గాజువలె నుండి కంటికానదు; సమానమైన వేడిమి గల మంచినీటిలో చేపను 5 నిమిషములుంచినచో తెల్లబడి రాలును. దానికి ప్రాజిక్వాంటెల్ మందు. గ్రుడ్లకు ఆ మందు తగులదు గనుక, అవి పగిలిన పిమ్మట రెండవమాఱు వేయవలెను. నీటిలో ఉప్పు తగ్గించుట తెల్లచుక్కకు పనికివచ్చును. అమిలూడినియం దానిని లెక్కచేయదు.

బంగారుపొడి జీవిని 1931లోను, తెల్లచుక్క జీవిని 1951లోను వర్ణించి పేరు పెట్టినవారు ఇ. ఎం. బ్రౌన్ గారు. రెండు పేర్ల నడుమ ఇరువది యేండ్లు గడచెను. 1955లో సాన్ ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ మత్స్యాగారమునకు చెందిన డెంప్‌స్టర్ గారు బంగారుపొడి రోగమునకు మైలుతుత్తముతో చికిత్సను ప్రకటించిరి. ఆ రాగికిని హద్దు కలదు. లీటరు నీటికి 0.15 మొదలు 0.20 మిల్లీగ్రాముల వరకు ఉండవలెను. తగ్గినచో క్రిమి చావదు, మించినచో చేప చచ్చును. రొయ్యలకును నత్తలకును పగడములకును అది విషము. కావున దానిని వేఱు తొట్టెలో, ప్రతిదినమును కొలిచి వేయవలసినదే గాని, అందఱు నివసించు తొట్టెలో గ్రుడ్డిగా పోయరాదు.

మా మిత్రుని సలహాపై మందు లేని మార్గమునే యెన్నుకొంటిమి. మిగిలిన మూడు చేపలను 3 దినముల కొకమాఱు చొప్పున, 4 మాఱులు, కడిగి యారబెట్టిన తొట్టెలోనికి మార్చిరి. చేపను విడిచి దిగిన క్రిములు పిల్లలు పెట్టకమునుపే వెనుకటి తొట్టెలో చిక్కుకొనును. పెద్ద తొట్టెను మూడు నెలలు చేపలు లేకుండ నుంచిరి. మార్చవలసిన దినములను బాలిక క్యాలెండరుపై పెన్సిలుతో గుర్తించెను. చుక్కలు పోయిన పిమ్మట గూడ ఒక్క దినమును తప్పనీయలేదు. మూడు చేపలును బ్రదికెను. ఇప్పుడా యింటికి క్రొత్త చేప వచ్చినచో నెల దినములకు పైగా వేఱుగా నుంచిన పిదపనే పెద్ద తొట్టెలోనికి విడుచుచున్నారు.

చేపల మాట యటుంచుడు. క్షయరోగికి వైద్యులు సామాన్యముగా 6 నెలలు మందు తినుమందురు. కొన్ని వారములకే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. “కుదిరినది గదా” యని ఎందఱో మందు మానివేయుదురు. మిగిలిన క్రిములు తిరిగి విజృంభించును. కొన్ని ఆ మందులకే లొంగనివి యగును. ఇంటిలోని పసివారికిని ముదుసలులకును సోకును. ఇచ్చటను మనలను మోసగించినది కంటికి కనబడక పోవుటయే. మొదటి నిదానము వైద్యుని పని. రెండవ నిదానము ఇంటివారిది. అది మందుసీసాలో దొరకదు. పిల్లలు “ఎక్కడికి పోయినది?” అని యడిగినప్పుడు నవ్వి త్రోసివేయక, వారితో కూర్చుండి వెదకు ఇండ్లలో అది అలవడును.