గాజుతొట్టిలో పగడాలు

పగడమంటే నాకు తెలిసింది మా అమ్మ మెడలోని ఎర్రపూస. పాఠం చెప్పేటప్పుడైతే ప్రవాళం, విద్రుమం. అది ప్రాణమున్న జీవి అని, దాన్ని నేనే చంపగలనని, కిందటి వేసవిలో తెలిసింది.

మా తమ్ముడికి హైటెక్ సిటీలో ఉద్యోగం, కొండాపూర్‌లో కాపురం. వాడి హాల్లో ఓ గాజుతొట్టి, అందులో సముద్రం! శుద్ధిచేసిన నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పుమిశ్రమం కలిపితే సరిట. వంటింటి ఉప్పు, బోరునీళ్ళు పనికిరావు.

వాడు ఒక్కొక్కటే చూపించాడు. గొడుగు విప్పినట్లు బల్లపరుపుగా ఉన్నది మష్రూమ్. అంచున కుచ్చులతో, చొక్కా గుండీల్లా గుంపుగా ఉన్నవి జోయాంథిడ్లు. వాటిలో కొన్నిటికి విషముంటుంది, చేతికి తొడుగు లేకుండా ముట్టరాదు. ఊదారంగు చాపమీద పచ్చని నక్షత్రాలు మొలిచినట్లున్నవి స్టార్ పాలిప్స్. కొత్తవాళ్ళకు ఈ మెత్తని జాతులే మేలు. రాతిగూడు కట్టే పగడాల జోలికి పోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వాటిని 2001లో చేర్చారు. పులికెంత రక్షణో వాటికీ అంతే.

"మరి తిండి?"

"చాలామటుకు వెలుతురే, అన్నయ్యా! వీటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. దీపం వెలుగులో అది వండిపెడుతుంది, ఇవి తింటాయి."

వాళ్ళు పదిరోజులు ఊరికి వెళుతూ తొట్టి నాకప్పగించారు. "తగ్గినంత నీళ్ళు పొయ్యి" అన్నాడు తమ్ముడు. "మా గొడుగమ్మ జాగ్రత్త, పెదనాన్నా!" అంది వాడి కూతురు. మష్రూమ్‌కు అది పెట్టుకున్న పేరు.

ఎండలకు రోజూ కాస్త నీరు ఇగిరేది. సముద్రజీవులు కదా అని, ఉప్పు కలిపి మరీ పోశాను. ఆరోరోజుకు గుండీలు మూసుకున్నాయి, గొడుగమ్మ ముడుచుకుంది. ఆకలేమోనని దీపం మరో నాలుగు గంటలు వెలిగించాను. మర్నాడు ఇంకా ముడుచుకుంది. భయపడి ఫోన్ చేశాను.

"ఇగిరేది నీరే అన్నయ్యా, ఉప్పు కాదు!"

ఎంత చిన్న మాట! రోజురోజుకూ ఉప్పదనం పెంచుతూ వచ్చానన్నమాట. సాంద్రత 1.025 దగ్గర, వేడి 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలిట. పోనీ ఒక్కసారిగా ఉప్పులేని నీళ్ళు కుమ్మరిద్దామంటే ఆ మార్పుకూ తట్టుకోలేవు. రోజూ కొంచెం ఉప్పునీరు తీసి, అంత శుద్ధిచేసిన నీరు పోశాను. గుండీలు విచ్చుకున్నాయి, నక్షత్రాలు తేరుకున్నాయి. గొడుగమ్మ కరిగిపోయింది.

"గొడుగమ్మేదీ?" అంది పాప రాగానే. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నా ప్రేమే చంపింది, తల్లీ" అన్నాను. అది నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మళ్ళీ వెళ్ళేసరికి తొట్టిమీద దాని అక్షరాలతో చీటీ ఉంది: "పెదనాన్నా, ఉప్పు వద్దు."

అలిగినా, నీళ్ళు పోసే పని మాత్రం నాకే ఉంచింది.