క్యారీలో ఒక పాత రైలుదారి

క్యారీ మీద నార్త్ కరోలినాలో ఓ పాత జోకుంది. ఉత్తరాది నుంచి వలసొచ్చిన యాంకీలను కట్టిపెట్టే దొడ్డి అని అర్థమొచ్చేలా ఆ పేరులోని ఒక్కో ఇంగ్లీషు అక్షరానికీ ఒక్కో మాట తగిలించి చెబుతారు. ఇప్పుడు ఆ దొడ్డిలో మనవాళ్ళనూ లెక్కవేసుకోవాలి. వెంకటేశ్వరస్వామి గుడికి 2022లో 87 అడుగుల గోపురం లేచింది. పక్క ఊరు మోరిస్‌విల్‌లోని చర్చ్ స్ట్రీట్ పార్కులో 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. మా చెల్లెలింటికి వచ్చే చుట్టాలు ఈ రెండూ చూసి వెళ్ళిపోతారు.

నేను ఏప్రిల్లో మూడు వారాలున్నాను. అక్కడ నాకు బాగా తెలిసొచ్చిన చోటు మాత్రం అమెరికన్ టొబాకో ట్రెయిల్. చూపించినవాడు మా చెల్లెలి కొడుకు. వాడికి పదిహేనేళ్ళు. ఆటిజం, దాంతోపాటు ఏడీహెచ్‌డీ.

కిందటేడు తొమ్మిదో తరగతిలో చేరాక వాడు గది దాటి రావడం మానేశాడు. ఆదివారం సాయంత్రమైతే కడుపునొప్పి. రాత్రి రెండింటికి కూడా లైటు వెలుగుతూనే ఉండేది. ఓ రోజు "నేను లేకపోతే మీకు సుఖంగా ఉంటుంది కదా" అన్నాడట. ఆ మాట విన్న రోజే మా చెల్లి డాక్టరుకి ఫోన్ చేసింది. కౌన్సెలింగ్ మొదలైంది, మందులు మార్చారు. వాటితోపాటు కౌన్సెలర్ చెప్పిన ఇంకో సంగతి, రోజూ ఒళ్ళు కదలాలని.

చెప్పడం తేలికే. ఏ ఆట ఆడించాలి? క్రికెట్‌కి తీసుకెళ్తే ఫీల్డింగులో అరగంట ఊరికే నిలబడాలి, ఉన్నట్టుండి పదిమంది ఒక్కసారి అరుస్తారు. వాడు చెవులు మూసుకుని కారెక్కేశాడు. బాస్కెట్‌బాల్‌లో చెయ్యీ కన్నూ ఒకదానికొకటి కుదరవు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది, అది బద్ధకం కాదు. క్యారీలోనే మార్లా డోరెల్ పార్కని, వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ కలిసి ఆడుకునేలా కట్టిన చక్కటి చోటుంది. ఎనిమిదేళ్ళప్పుడు వాడికదే లోకం. ఇప్పుడు ఆరడుగులకు దగ్గరపడ్డవాడు ఉయ్యాలెక్కితే చిన్నపిల్లల తల్లులు వింతగా చూస్తారు. స్కూల్లోనా? నార్త్ కరోలినాలో హైస్కూలు పూర్తిచేయడానికి ఆరోగ్యం, వ్యాయామం కలిపి ఒకే ఒక్క క్రెడిట్ చాలు. అది కాస్తా తొమ్మిదిలోనే అయిపోతే ఆ తర్వాత అడిగేవాడుండడు.

అప్పుడు దొరికింది ఈ దారి. డర్హమ్ సిగరెట్ ఫ్యాక్టరీలకు పొగాకు మోసిన రైలుమార్గం అది. రైళ్ళు ఆగాక పట్టాలు పీకేసి, నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలారు. డర్హమ్ నడిబొడ్డు నుంచి ఏపెక్స్ దాకా 22 మైళ్ళ పైచిలుకు. రైలు నిట్టనిలువు గట్లెక్కలేదు, చటుక్కున మలుపు తిరగలేదు. అందుకే దారంతా చదునుగా, తిన్నగా, ఎదురుగా వచ్చేవాళ్ళు దూరం నుంచే కనబడేలా ఉంటుంది. మోటారు బండ్లు రావు. క్యారీకి పడమటి పక్క పైన్ చెట్ల మధ్య కాళ్ళ కింద సన్నటి కంకర కరకరలాడుతుంది. అనుకోనిది ఎదురైతే తల్లడిల్లిపోయే పిల్లవాడికి ఇంతకంటే ఏం కావాలి! బ్రిటిషువాళ్ళ కాలం నాటి మన రైలుకట్టల మీద స్కూలుకి నడిచినవాళ్ళకు ఆ సుఖం తెలిసే ఉంటుంది.

ఏప్రిల్ కదా, పైన్ పుప్పొడి కార్లమీదా మెట్లమీదా గడపకి పసుపు రాసినట్టు పేరుకుంది. నేను తుమ్ముతూనే నడిచాను. వాడు పదడుగులు ముందు. మొదటి మైలంతా మాటల్లేవు, నన్నూ మాట్లాడొద్దన్నాడు. రెండో మైలు సగంలో వెనక్కి తిరగకుండానే, "పెద్దమ్మా, మా కెఫెటీరియాలో కుర్చీలు లాగే చప్పుడు నాకు పళ్ళలో వినిపిస్తుంది" అన్నాడు. ఆ తర్వాత మైలున్నర ఆపకుండా చెప్పాడు. ఎవరితో కూర్చోవాలో తెలియక మధ్యాహ్నం బాత్రూంలో తింటున్నాడట. ఇంట్లో ఎదురుగా కూర్చోబెట్టి ఎన్నిసార్లు అడిగినా బయటికి రాని మాటలివి. మొహంలోకి చూడక్కర్లేకుండా, కాళ్ళకు పనుంటే వాడికి మాటొస్తుంది.

ఇది మా ఒక్కింటి కథ కాదు. ఆటిజం ఉన్న పిల్లల మీద జరిగిన 31 అధ్యయనాలను 2011లో ఒకచోట చేర్చి చూస్తే, సుమారు 40 శాతం మందిలో ఆందోళనకు సంబంధించిన రుగ్మత ఏదో ఒకటి ఉందని తేలింది. ఏడీహెచ్‌డీ మందులు పనిచేసేది మెదడులోని డోపమిన్, నారెపినెఫ్రిన్ మీద. చెమట పట్టేలా కదిలితే అవే కాసేపు పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వైకల్యం ఉన్న పిల్లలకూ విడిగా చోటిచ్చింది: అందరిలాగే రోజుకు సగటున 60 నిమిషాలు. అయితే నడక మందులకు బదులు కాదు. "నాలుగు రౌండ్లు పరిగెత్తిస్తే అదే తగ్గుతుంది" అనే పెద్దమనుషులు మన పార్టీల్లో ప్రతిచోటా తగులుతారు. నవ్వి పక్కకి తప్పుకోండి.

ఫలితమేమిటని మా చెల్లెల్ని అడిగాను. "నడిచిన రోజు పదకొండింటికి నిద్రపోతాడక్కా. ఫిబ్రవరిలో స్కూలు ఎగ్గొట్టిన రోజులు ఆరు, మార్చిలో మూడు. నేను చెప్పగలిగింది అంతే" అంది.

ఒకటి మాత్రం నాకు బాధనిపించింది. ఈ ప్రాంతం ఆటిజం విషయంలో పేరున్న చోటు. చాపెల్ హిల్ యూనివర్సిటీలో ఎరిక్ షాప్లర్ మొదలుపెట్టిన టీచ్ కార్యక్రమం 1972 నుంచి రాష్ట్రమంతటా నడుస్తోంది. మేధోవైకల్యం ఉన్నవాళ్ళ కోసం స్పెషల్ ఒలింపిక్స్ రాష్ట్ర కార్యాలయం మోరిస్‌విల్‌లోనే ఉంది. అయినా మనవాళ్ళలో కొందరు పిల్లవాడి సంగతి పక్కింటి తెలుగువాళ్ళకు కూడా చెప్పరు. మా చెల్లి చెప్పడం మొదలుపెట్టాక, ఇలాంటి పిల్లలున్న మరో రెండు కుటుంబాలు ఆదివారం ట్రెయిల్ దగ్గరికి వస్తున్నాయి. ముగ్గురు కుర్రాళ్ళూ ఒకళ్ళతో ఒకళ్ళు పెద్దగా మాట్లాడుకోరు. విడివిడిగా, ఒకే వేగంతో నడుస్తారు.

గుడికి మాత్రం రద్దీ లేని మంగళవారం పొద్దున్నే వెళ్ళాం. మేళం లేదు. వాడు లెక్కపెట్టుకుంటూ ప్రదక్షిణలు చేశాడు. చుట్టూ చుట్టూ తిరిగితే ఎవరూ ఏమీ అనని చోటు అదొక్కటేనని మా చెల్లి నవ్వింది. పదకొండు చాలన్నాం. వాడు ఇరవై రెండు చేసొచ్చి, ఇప్పుడు డర్హమ్ దాకా అయిపోయిందన్నాడు.

వేసవిలో వెళ్ళేవాళ్ళు పొద్దున్న ఎనిమిదిలోపే బయల్దేరండి, తర్వాత ఉక్క భరించలేం. నీళ్ళు చాలినన్ని పట్టుకెళ్ళండి. దారి పక్క గడ్డిలోకి దిగొద్దు, కాపర్‌హెడ్ పాములుంటాయి. సైకిలువాళ్ళు వెనకనుంచి గంట కొట్టుకుంటూ వస్తారు. ఆ చప్పుడు పడని పిల్లలుంటే మామూలు రోజుల్లో వెళ్ళడం మంచిది, శనివారం వద్దు.