మరో జన్మకు వాయిదా

హిందీ కుటుంబ చిత్రాల్ని ఏడుపుగొట్టు సరుకని కొట్టివేయడం మన విమర్శకులకు అలవాటు. తరగతిలో నేనూ చాలాకాలం అదే చెబుతూ వచ్చాను. ఆ మాటను వెనక్కి తీసుకోవలసి రావడానికి కారణం మా మేనత్త.

మాది భద్రాచలం. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో వున్న ఖమ్మంవైపు వారికి ఉర్దూ కొత్త కాదు. 1959లో తూర్పు గోదావరి నుండి విడివడి ఖమ్మంలో కలిసిన మా తాలూకాకు మాత్రం హిందీ సిలోన్ రేడియో పాటలతోనే వచ్చిందని నాయనమ్మ చెప్పేది.

ఆమెకు ప్రాణమైన హిందీ సినిమా నిజానికి మన గోదావరి కథే. ఆదుర్తి సుబ్బారావు 1964లో తీసిన 'మూగమనసులు'ను 1967లో ఎల్.వి. ప్రసాద్ నిర్మాతగా ఆయనే 'మిలన్' పేర మళ్ళీ తీశారు. అక్కినేని, సావిత్రి స్థానాల్లోకి సునీల్ దత్, నూతన్ వచ్చారు. గౌరిగా రెండింటిలోనూ జమునే నటించింది. లక్ష్మీకాంత్-ప్యారేలాల్ కట్టిన ఒక పాటలో పడవవాడు చదువుకున్న అమ్మాయికి ఒక మాటను తన పల్లెయాసలో పలకడం నేర్పుతాడు. ఆ కాసేపూ గురువు అతడే. కాని వారిద్దరూ ఒకటయ్యేది మరుజన్మలో.

ఆ పాట క్యాసెట్టును మా అత్త అరిగేదాకా విన్నది. 2002లో, దుమ్ముగూడెంవైపు ఆశ్రమ పాఠశాలలో పనిచేసే ఒక కోయ ఉపాధ్యాయుణ్ణి పెళ్ళాడతానన్నది. ఇంటిమీద పిడుగు పడ్డట్టయింది. దూరదర్శన్‌లో పడవవాణ్ణి చూసి కొంగు తడుపుకున్న నాయనమ్మే మూడు రోజులు అన్నం ముట్టలేదు.

ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీని 1970లో వచ్చిన చట్టం నిషేధించింది. మావైపు దాన్ని 1/70 అంటారు. దాన్ని తప్పించుకోవడానికి మా తాత నాలుగెకరాలు ఒక కోయ రైతు పేర వుంచి తానే సాగుచేసుకునేవాడు. భూమి కాగితంమీద కోయ పేరు కావాలి. శుభలేఖమీద మాత్రం కూడదు! అత్త పెళ్ళి మరొకరితో ఖమ్మంలో జరిగిపోయింది. అప్పటికి నాకు పన్నెండేళ్ళు.

ఎం.ఏ. అయి, వుద్యోగంలో చేరాక ఆ సినిమాపై ఒక వ్యాసం రాశాను. వర్గ వైరుధ్యాన్ని పునర్జన్మ మాటున దాచే మోసమని తేల్చి, గర్వంగా అత్తకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విన్నది.

"అది అబద్ధమేం చెప్పిందిరా? ఈ జన్మలో మనవాళ్ళు ఒప్పుకోరనేగా చెప్పింది. ఇంతకీ నీ పెళ్ళీ మన కులంలోనేగా జరిగింది?" అన్నది.

కట్నం పుచ్చుకోలేదని తృప్తిపడినవాణ్ణి. నా దగ్గర జవాబు లేకపోయింది.

నాయనమ్మ కన్నీరు బూటకం కాదని ఇప్పుడు నాకు తోస్తుంది. తెరమీద అన్యాయాన్ని గుర్తుపట్టిన గుండె, గుమ్మంలోకి అదే అన్యాయం వచ్చినప్పుడు ఆస్తినీ కులాన్నీ ఎందుకు కావలించుకుంటుంది? మన విమర్శ మొదలు కావలసింది ఈ ప్రశ్న దగ్గర. సినిమాలో తప్పు పట్టడం సులువు. దాన్ని చూసి ఏడ్చిన ఇంటిని ప్రశ్నించడం కష్టం. ఆ ఇల్లు మనదే అయినప్పుడు మరీ కష్టం.

తాత పోయాక ఆ నాలుగెకరాలూ మా నాన్న చేతికి వచ్చాయి. కాగితంమీద వున్న పేరు నిన్నటిదాకా నేను అడిగి ఎరగను. ఆ భూమిని దాని మనుషులకు అప్పగించే సంగతి ఈ వేసవిలో ఇంట్లో ఎత్తుతానని అత్తతో అన్నాను.

"ఎత్తినాక చెప్పు" అన్నది.