పెద్దమనిషి అంటే ఎవరు?

తోటి విద్యార్థినులారా, ఈ సంగతి రాయాలంటే నాకు మొదట సిగ్గేసింది. కానీ మనలో చాలామందికి జరిగినదే కదా అని రాస్తున్నాను.

పోయిన వేసవి సెలవుల్లో ఇంటి దగ్గర నేను పెద్దమనిషిని అయ్యాను. మూలన కూర్చోబెట్టి, తర్వాత నీళ్ళు పోశారు. నిన్నటిదాకా "ఒసే పిల్లా" అన్నవాళ్ళే "పెద్దదైపోయింది, ఇంక చదువెందుకు" అన్నారు. మామయ్య వచ్చి నన్ను బావకి అడిగాడు. సంక్రాంతికి చెప్తానన్నాడు నాన్న. ఒక్క రోజులో నేను ఎలా పెద్దయ్యానో నాకు తెలియలేదు. రాత్రిపూట హాస్టలు బాత్రూముకి ఒంటరిగా వెళ్ళాలంటే నాకు ఇప్పటికీ భయమే.

మొన్న సైన్సు మేడం పేపరులో పడిన విషయం చెప్పారు. 2025 నవంబరులో ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఒక పరిశోధన బయటపెట్టారు. పసిబిడ్డల నుంచి 90 ఏళ్ళవాళ్ళ దాకా 3,802 మంది మెదడు స్కానింగులు చూశారట. మెదడులోని దారులు సుమారు 9, 32, 66, 83 ఏళ్ళకి మలుపు తిరుగుతాయట.

వింటుంటే నాకు మా కొండ గుర్తొచ్చింది. ఊరి నుంచి ఊటకి ఎన్నో కాలిబాటలు. నడిచేవి మిగులుతాయి, నడవనివాటిని గడ్డి మూసేస్తుంది. చిన్నతనంలో మెదడు కూడా వాడని దారులను వదిలేస్తుంది. 9 తర్వాత దారులు గట్టిపడి కబురు తొందరగా పోతుంది. ఆ పని సుమారు 32 దాకా సాగుతుంది. అంటే 31 ఏళ్ళవాళ్ళు చిన్నపిల్లలని కాదు, మెదడు ఇంకా తయారవుతోందని అర్థం అన్నారు మేడం.

చట్టం లెక్క వేరు. ఓటుకి 18 ఏళ్ళు. 1989కి ముందు 21 ఉండేది. 2006 చట్టం ప్రకారం ఆడపిల్ల పెళ్ళికి 18 నిండాలి. నాకు 14. ఏ లెక్కన చూసినా నేను పెద్ద కాలేదు. ఒళ్ళు ఒక్కటే ముందు పెరిగింది.

దసరా సెలవుల్లో అమ్మమ్మని అడిగాను, నీ పెళ్ళికి నీకెన్నేళ్ళని. "ఏళ్ళు ఎవరికి తెలుసే! నీళ్ళకుండ నెత్తిన నిలిచేది కాదు, అంతదాన్ని" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా పలక తెమ్మంది. ఆధారు కార్డులో అమ్మమ్మకి 68 ఏళ్ళు. 66 మలుపు దాటినా ఆ సెలవుల్లోనే తన పేరు రాయడం నేర్చుకుంది. "ల" మాత్రం తిరగేసి రాస్తుంది.

సంక్రాంతికి మామయ్య వస్తాడు. పది పాసై ఇంటరు చదువుతానని నాన్నతో నేనే చెప్తాను. అమ్మమ్మ నా పక్కన కూర్చుంటానంది. మీ ఇంట్లో కూడా ఇలాగే అంటే లోపల దాచుకోకండి. మేడం గారికి చెప్పండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని