అమ్మ ఏడ్చిన చోటు

మొన్న మాఘమాసంలో మా పుట్టింటివైపు ఓ పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళి జరిగింది మా ఊరి పాత సినిమా హాల్లో. ఇప్పుడది ఫంక్షన్ హాలు లెండి. ఒకప్పుడు తెర ఉన్నచోట పెళ్ళిమండపం కట్టారు. అక్షింతలు వేసి వస్తుంటే అమ్మ ఓ గోడ దగ్గర ఆగిపోయింది. "ఇక్కడే కదే మనం కూర్చునేవాళ్ళం" అంది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు.

1993లో నాకు పదమూడేళ్ళు. ఆ ఏడాది వేసవిలో మా తమ్ముడు జ్వరమొచ్చి పోయాడు. వాడికి నాలుగేళ్ళు. అమ్మ ఏడవలేదు. ఏడవలేదనడం కన్నా ఏడవనివ్వలేదు అనాలేమో. పొద్దున ఏడిస్తే నాన్న పనికెళ్ళే వేళ, సాయంత్రం ఏడిస్తే దీపాలవేళ అనేది నాయనమ్మ. మిగతా పిల్లలు బెంగపెట్టుకుంటారని చుట్టాలన్నారు. అమ్మ వంటచేసేది, బట్టలుతికేది, నీళ్ళు తోడేది. మాట మాత్రం లేదు.

అప్పుడే 'మాతృదేవోభవ' వచ్చింది. మా ఊరికి కొంచెం ఆలస్యంగా వచ్చిందనుకోండి. చావు దగ్గరపడిన తల్లి, తన పిల్లల్ని ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి అప్పగించే కథ అది. మాధవి వేసింది ఆ తల్లి వేషం. ఎదురింటి పిన్నిగారు వచ్చి, "వదినా, మ్యాట్నీకి వెళ్దాం పద. ఐదున్నరకల్లా ఇంట్లో ఉంటాం" అంది. నాయనమ్మ ముఖం చిట్లించింది గానీ ఏమనలేదు.

మ్యాట్నీ అనేది ఆడవాళ్ళ కోసమే పెట్టినట్టుండేది. మధ్యాహ్నం అంట్లు తోముకుని బయల్దేరితే, దీపం పెట్టే వేళకి తిరిగి వచ్చెయ్యొచ్చు. ఆడవాళ్ళకి టికెట్ల కిటికీ వేరు. నేల టికెట్టుకి చిల్లర కొంగున ముడేసుకుని వీధివీధంతా గుంపుగా వెళ్ళేవాళ్ళం. హాలు మీద మైకులో పాట మొదలవగానే మా నడక జోరందుకునేది.

ఆరోజు సగం సినిమా అయ్యేసరికి అమ్మ భుజాలు కదలడం చూశాను. తర్వాత గొంతు విడిచి ఏడ్చింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చూడ్డానికి ఏముంది, హాలంతా ఏడుస్తోంది! పిన్నిగారు ఒక చేత్తో తన కళ్ళు తుడుచుకుంటూ, రెండో చేత్తో అమ్మ చెయ్యి పట్టుకుంది. ఇంటికి నడిచి వస్తుంటే అమ్మ, "మావాడికి జంతికలంటే ప్రాణం పిన్నీ" అంది. ఆర్నెల్ల తర్వాత వాడి ఊసెత్తడం అదే మొదలు.

నేను ఇంటర్‌తో చదువాపేసినదాన్ని. పెద్దమాటలు నాకు రావు. కానీ ఒకటి మాత్రం తెలుసు. ఆ మూడుగంటల చీకటి అమ్మని బతికించింది. అదే సినిమా ఇంట్లో టీవీలో చూసి ఉంటే? మధ్యలో పాలు పొంగేవి, ఎవరో తలుపు కొట్టేవారు. అమ్మ లేచి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయేది. ఒక్కర్తీ ఏడిస్తే "ఏమైందీ?" అంటారు. నలుగురితో కలిసి ఏడిస్తే ఎవరూ అడగరు.

ఏడుపొక్కటే కాదులెండి. 1995లో 'అమ్మోరు' వచ్చినప్పుడు మా హాల్లో పూనకం వచ్చినవాళ్ళున్నారు. పక్కవాళ్ళే పట్టుకుని మొహాన నీళ్ళు చల్లారు. ఏ వీధివాళ్ళో, ఏ కులంవాళ్ళో ఎవరడిగారు? రీలు తెగితే అందరం కలిసి కేకలు, ఇంటర్వెల్‌లో ఒకే పొట్లంలో వేరుశనక్కాయలు.

అలాగని ఆ హాళ్ళేమీ స్వర్గాలు కావు. కుర్చీల్లో నల్లులు, ముక్కు మూసుకునే బాత్‌రూములు, వెనక బెంచీల వెధవ ఈలలు. అందుకే గుంపుగా వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు హాళ్ళు చల్లగా, శుభ్రంగా ఉన్నాయి. నలుగురు పిల్లాపాపలతో వెళ్ళొస్తే మాత్రం నెల సరుకుల డబ్బులు గుర్తొస్తాయి. 2020లో కరోనాకి హాళ్ళు మూతపడ్డాక ఫోన్లో చూడ్డం అందరికీ అలవాటైపోయింది. మా ఇంట్లో నలుగురం నాలుగు మూలల్లో నాలుగు సినిమాలు చూస్తాం. ఒకరు నవ్వితే, ఎందుకు నవ్వారో ఇంకొకరికి తెలీదు.

పెళ్ళినుంచి వచ్చేటప్పుడు అమ్మని మా ఇంటికి తీసుకొచ్చాను. ఒకరోజు మా వీధిలో మరో ముగ్గురిని పోగుచేసి మ్యాట్నీకి బయల్దేరాం. తినడానికి ఏమైనా పట్టుకెళ్దామంటే లోపలికి రానివ్వరన్నారు. సినిమా పెద్దగా బాలేదు. అమ్మ సగం నిద్రపోయింది కూడా. ఇంటర్వెల్‌లో సమోసా కొనిచ్చాను. దాన్ని రెండుగా తుంచి, పక్కసీటులో ఒంటరిగా కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆవిడకి ఒక ముక్క ఇస్తూ, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది.

ఆవిడ మొదట తెల్లబోయింది. తర్వాత ఫోన్ బ్యాగులో పెట్టేసి, అమ్మవైపు తిరిగి కూర్చుంది.

ఇప్పుడు నెలకో మ్యాట్నీ అనుకున్నాం మేం ఐదుగురం. పాలచీటీలో మిగిలిన చిల్లరంతా ఓ డబ్బాలో వేస్తున్నాను. మీ వీధిలో కూడా ఎవరో ఒకరు ఏడవడానికి చోటులేక తిరుగుతూ ఉంటారు. ఒకసారి తలుపు కొట్టి, "వదినా, మ్యాట్నీకి వెళ్దామా?" అని అడిగి చూడండి.