చివరి మంచం దాకా వెళ్ళి చూడండి

ప్రియమైన పాఠకులకు,

కొంతకాలంగా మీ ఉత్తరాల్లో ఒకే ప్రశ్న పదే పదే కనిపిస్తోంది. అమ్మకు పక్షవాతం వచ్చింది, నాన్నకు మతిమరుపు ముదిరింది, ఇంట్లో చూసుకోవడానికి మనిషి దొరకడం లేదు, దొరికినా నెల తిరక్కుండానే మానేస్తోంది. వృద్ధుల హోమ్‌లో చేర్చక తప్పేలా లేదు. నాలుగైదు చూసి వచ్చాం, అన్నీ బాగున్నట్టే ఉన్నాయి, నిజంగా బాగా చూసుకునేది ఏదో తెలిసేదెలా అని అడుగుతున్నారు. చేర్చడం తప్పా ఒప్పా అన్న మాట ఇక్కడ ఎత్తను. ఆ నిర్ణయానికి వచ్చేసరికే మీరు చాలా నలిగిపోయి ఉంటారు. ఆ తర్వాతి సంగతి మాట్లాడుకుందాం.

వెళ్ళగానే మనకు చూపించేది ముందు హాలు. టీవీ, దేవుడి పటాలు, కుర్చీల్లో కూర్చుని పేపరు చదువుకుంటున్న నలుగురు పెద్దమనుషులు. మేనేజరు మర్యాదగా మాట్లాడతారు. అంతటితో తృప్తిపడి వచ్చేయకండి. నడవగలిగినవాళ్ళు, అడగగలిగినవాళ్ళు ఎక్కడున్నా తమకు కావలసింది కొంతవరకైనా సాధించుకుంటారు. ఆ హోమ్ ఎలాంటిదో తెలియాలంటే పక్కకు కూడా ఒత్తిగిల్లలేని, దాహం వేస్తే చెప్పలేని మనిషి మంచం దగ్గరకు వెళ్ళాలి. ఆ గదులు సాధారణంగా పై అంతస్తులోనో వరండా చివర్లోనో ఉంటాయి. "వాళ్ళు పడుకున్నారండీ, ఇప్పుడు కుదరదు" అంటారు. వాళ్ళ మర్యాద కాపాడటానికి అలా అనే మంచి హోమ్‌లూ ఉన్నాయి. కానీ అలాంటివాళ్ళు ఆ కుటుంబాన్ని అడిగి మరో రోజు రమ్మంటారు. ఏ రోజూ కుదరదన్నచోట మీవాళ్ళను చేర్చకండి.

ఆ మంచం దగ్గర చెప్పులు వదిలి నిలబడి చూడండి. నీళ్ళ గ్లాసు చేతికందేంత దూరంలో ఉందా? పిలవడానికి బెల్లు ఉంటే అది దిండు పక్కన ఉందా, వెనక గోడకు వేలాడుతోందా? పెదాలు ఎండి పగిలాయా? గోళ్ళు తీశారా? కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, చెవి మెషీను మనిషికి ఉన్నాయా, ఏ బీరువాలోనో పడి ఉన్నాయా? మూత్రం సంచీ నేలకు ఆనకుండా, నడుం కంటే కిందికి వేలాడుతోందా? ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం ఇస్తున్నవాళ్ళకు ఆ సమయంలోనూ, అయ్యాక కనీసం అరగంటసేపూ తల వైపు ఎత్తి ఉంచాలి. బల్లపరుపుగా పడుకోబెట్టి పోసేస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఇవేవీ డబ్బుతో కూడిన పనులు కావు. ఎవరో ఒకరు ఆ మనిషిని గమనిస్తున్నారా లేదా అన్నది వీటిలోనే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా అడగాల్సింది పడక పుండ్ల గురించి. కదలకుండా పడుకున్నవాళ్ళకు నడుం కింద, తుంటి దగ్గర, మడమల మీద బరువు పడి రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. మొదట ఎర్రటి మచ్చ కనిపిస్తుంది, నొక్కి వదిలినా తెల్లబడదు. మన చామనఛాయ ఒళ్ళ మీద ఎరుపు తెలియకపోవచ్చు. చుట్టుపక్కల చర్మం కంటే నల్లగా, తాకితే వేడిగానో గట్టిగానో ఉంటుంది. అప్పుడే పట్టుకుంటే ఆగుతుంది, వదిలేస్తే ఎముక దాకా పోతుంది. అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చాలన్న పద్ధతి వచ్చింది. ఎయిర్ బెడ్ వేశాం కదా అంటారు. వేసినా తిప్పాల్సిందే. ఇలాంటి పుండు వస్తే చాలావరకు అది జబ్బు దోషం కాదనీ, పరిచర్య లోపమేననీ ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది. చివరి రోజుల్లో ఒంట్లో ఏమీ మిగలనివాళ్ళకు ఎంత చూసుకున్నా కొన్ని పుండ్లు వస్తాయి, అది ఒప్పుకోవాలి. కాబట్టి "మీ దగ్గర ఎవరికైనా పుండ్లున్నాయా" అని అడిగి ఆగకండి. అవి ఇక్కడికి వచ్చాక పడ్డవా, ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నవా, ఇప్పుడు మానుతున్నాయా పెరుగుతున్నాయా అని అడగండి. పుండు కొలత రాసిపెట్టుకునే నర్సు ఉంటే వెంటనే చెబుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. మంచాన ఉన్నవాళ్ళు పదిమంది అనుకోండి. ఒకరికి డైపర్ మార్చి, తుడిచి, పక్క తిప్పి, దుప్పటి సర్దడానికి తక్కువలో తక్కువ పదిహేను నిమిషాలు. పదిమందికి రెండున్నర గంటలు. రెండు గంటలకోసారి తిప్పాలంటే ఒక్క ఆయా ఊపిరి తీసుకోకుండా పనిచేసినా ఆ లెక్క కుదరదు. పైగా బరువైన మనిషిని తిప్పడానికి ఇద్దరు కావాలి. అందుకే "మొత్తం స్టాఫ్ ఎంతమంది" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు మనకు పనికిరాదు. వంటమనిషి, డ్రైవరు, వాచ్‌మన్ అందరూ అందులో కలిసిపోతారు. రాత్రి రెండు గంటలకు ఈ అంతస్తులో మెలకువగా ఉండేది ఎంతమంది అని అడగండి. ఆదివారం ఎంతమంది, సంక్రాంతికి ఆయాలు ఊళ్ళకు వెళ్తే ఎవరు చూస్తారు అని అడగండి. ఈ ప్రశ్నలకు తడబడకుండా జవాబిచ్చిన హోమ్‌ను నేను సగం నమ్ముతాను.

ఆయాతో కూడా మాట్లాడండి. పేరడిగి, ఏ ఊరమ్మా, ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావు అంటే చాలు, చాలా తెలుస్తుంది. రెండు మూడేళ్ళుగా అక్కడే ఉన్న ఆయాలు కనిపిస్తే అది మంచి గుర్తు. అందరూ నిన్నగాక మొన్న చేరినవాళ్ళయితే యాజమాన్యం వాళ్ళను సరిగా చూడటం లేదని అర్థం. పన్నెండు గంటల డ్యూటీ చేసి, వారానికి ఒక్క సెలవైనా లేక, జీతం నెలల తరబడి ఆగినవాళ్ళ చేతుల్లో మన అమ్మను పెట్టి ఓపిగ్గా చూసుకోమనడం న్యాయం కాదు. మనకు మంచి సేవ కావాలంటే ఆమెకు మంచి జీతం ఉందో లేదో అడిగే హక్కు కూడా మనకుందని నా నమ్మకం.

భోజనాల వేళకు వెళ్ళండి, రాత్రి భోజనానికయితే మరీ మంచిది. చాలాచోట్ల వంటవాళ్ళు వెళ్ళిపోవాలని సాయంత్రం ఆరున్నరకే పెట్టేస్తారు. మళ్ళీ పొద్దున ఏడింటికి టీ, ఎనిమిదిన్నరకు టిఫిన్. షుగర్ మాత్రలో ఇన్సులినో తీసుకునేవాళ్ళకు పద్నాలుగు గంటల పస్తు ప్రమాదం. పడుకునే ముందు పాలో రెండు బిస్కెట్లో ఇస్తున్నారేమో అడగండి. తినిపించాల్సినవాళ్ళకు ఎవరు తినిపిస్తున్నారో, ముద్ద మింగే దాకా ఆగుతున్నారో లేదో చూడండి. ప్రతినెలా బరువు తూచి రాస్తారా అన్నది తప్పనిసరి ప్రశ్న. నెలలో ఒంటి బరువులో అయిదు శాతం, ఆరు నెలల్లో పది శాతం తగ్గితే డాక్టరు చూడాల్సిందే. యాభై కిలోల మనిషికి అది నెలకు రెండున్నర కిలోలు. వదులుగా వేలాడే జాకెట్టు చూసి గుర్తించేసరికి చాలా ఆలస్యమవుతుంది.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. హోమ్‌లో ఉన్న మా మేనత్తను చూడటానికి వెళ్ళేటప్పుడు ఆమె పక్క మంచంలో ఒక పెద్దావిడ ఉండేవారు. ఒకసారి వెళ్ళేసరికి ఆవిడ జుట్టంతా పొట్టిగా కత్తిరించేసి ఉంది. పేలు పడుతున్నాయని, దువ్వడం కష్టంగా ఉందని చేశారట. ఆవిణ్ణి అడిగారా అంటే ఎవరూ జవాబు చెప్పలేదు. చిన్నతనంలో తమ ఇళ్ళల్లో భర్త పోయిన ఆడవాళ్ళకు జుట్టు తీయించడం చూసిన తరం అది. ఆవిడ పమిట తల మీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నారు. శుభ్రంగా ఉంచడం అవసరమే. అడిగి చేయడం అంతకంటే అవసరం. స్నానం చేయించేటప్పుడు తలుపు వేస్తారా, తెర కడతారా, ఆడవాళ్ళకు ఆడవాళ్ళే చేస్తారా, పేరుతోనో "అమ్మా", "బామ్మగారూ" అనో పిలుస్తారా, మంచం నంబరుతోనా? నాకు వీటి విలువ బీపీ చార్టు కంటే తక్కువ కాదు.

మధ్యాహ్నం నాలుగింటికి వెళ్ళినప్పుడు హోమ్ అంతా మత్తుగా నిద్రపోతుంటే అనుమానించండి. మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఉన్నవాళ్ళకు పొద్దువాలేవేళ కంగారు, అరుపులు ఎక్కువవుతాయి. తక్కువమందితో నెట్టుకొచ్చే చోట దానికి సులువైన విరుగుడు మాత్ర. క్వెటియాపిన్, హాలోపెరిడాల్ లాంటి మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005 నుంచి హెచ్చరిస్తూ వచ్చింది. ఒక్కోసారి అవి అవసరమే కావచ్చు. ఎవరు రాశారు, ఎందుకు, మళ్ళీ ఎప్పుడు సమీక్షిస్తారు అన్నది కుటుంబానికి చెప్పి తీరాలి. గొట్టం పీకేసుకుంటారని చేతులు గుడ్డతో కట్టేయడం గురించి కూడా ముందే అడిగేయండి.

అమెరికాలో ఉన్న మన పాఠకులు, అక్కడిలా ఇక్కడ నక్షత్రాల రేటింగ్ ఎందుకు లేదని అడుగుతారు. అక్కడ ప్రభుత్వం 2008లో అది మొదలుపెట్టింది. తనిఖీలు, సిబ్బంది, సేవల కొలతలు మూడూ చూసి ఒకటి నుంచి అయిదు నక్షత్రాలు ఇస్తారు. మొదట్లో సిబ్బంది సంఖ్య హోమ్‌లు తామే చెప్పుకునేవి. అది నమ్మదగ్గది కాదని 2016 నుంచి జీతాల రికార్డుల ప్రకారం లెక్క పంపమన్నారు. 2022లో శని ఆదివారాల సిబ్బందినీ, మానేసిపోయేవాళ్ళ సంఖ్యనూ కూడా లెక్కలోకి తెచ్చారు. అంత యంత్రాంగం ఉన్నచోట కూడా చివరికి ఆయాల గురించి మనం వేసే ప్రశ్నల దగ్గరికే వచ్చారు. ఇక్కడ 2007 చట్టం తల్లిదండ్రుల పోషణ గురించి చెప్పింది. ప్రైవేటు హోమ్‌ల నమోదు, కనీస ప్రమాణాల కోసం 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే ఆ సభ గడువు ముగిసింది. బిల్లు పెట్టిన మరుసటి నెలలోనే, హైదరాబాద్ శివారు నాగారంలో ఒక ప్రైవేటు ఆశ్రమం నుంచి డెబ్బైమందికి పైగా మనుషుల్ని పోలీసులు బయటికి తేవాల్సి వచ్చింది. కొందరిని గొలుసులతో కట్టేసి ఉంచారు. ఆ బిల్లు మళ్ళీ రావాలని మీ ఎంపీలకు రాయండి. అందాకా తనిఖీ అధికారులం మనమే.

చేర్చాక ఆ పని ఇంకా పెరుగుతుంది. "అమ్మ హోమ్‌లో ఉంది" అని బంధువులకు చెప్పడానికి జంకి, చాలామంది ఎవరికీ చెప్పరు. దాంతో ఆమెను చూడటానికి ఎవరూ వెళ్ళరు. అడిగేవాళ్ళు, వచ్చేపోయేవాళ్ళు ఉన్నారని తెలిసిన మనిషి మీద సిబ్బంది చూపు ఎక్కువ నిలుస్తుంది. అందుకే దయచేసి దాచకండి. మేనకోడలికి, పాత ఇరుగుపొరుగుకు, నాన్న స్నేహితులకు చెప్పి, వీలున్నప్పుడు వేళకాని వేళ వెళ్ళమనండి. విదేశాల్లో ఉన్నవాళ్ళు వీడియో కాల్‌లో ముఖం చూసి పెట్టేయకుండా, కాళ్ళ మీది దుప్పటి తీసి మడమలు చూపించమనండి. ఏదైనా తేడా కనిపిస్తే అరవకుండా, ఫోటో తీసి, తేదీ వేసి, నర్సుకూ మేనేజరుకూ రాతపూర్వకంగా ఇవ్వండి. గట్టిగా అడిగితే తర్వాత అమ్మ మీద చూపిస్తారేమోనన్న భయం నాకూ తెలుసు. ఆ భయం నిజమనిపించే చోట అమ్మను ఇంకో రోజు ఉంచకండి. హింస, కట్టేయడం లాంటివి కనిపిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది, ఫోన్‌కు డబ్బు పడదు.

మీరు చూసిన హోమ్‌లో రాత్రిపూట ఎంతమంది ఉంటారు, నెలనెలా బరువు తూస్తారా, మీవాళ్ళు పడిపోయినప్పుడు మీకు ఎంతసేపట్లో ఫోన్ చేశారు, ఈ మూడు సంగతులు నాకు రాయండి. ఊరి పేరు చాలు, హోమ్ పేరు అక్కర్లేదు. వచ్చినవి వచ్చినట్టుగా వచ్చే ఉత్తరంలో మీ ముందుంచుతాను.

ఉంటాను,
మీ ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ.