రేటు రైతు చెప్పే చోట

కోతల కాలంలో మిర్యాలగూడ వైపు ఏ రోడ్డెక్కినా ముందు కనబడేవి ధాన్యం ట్రాక్టర్లే. హార్వెస్టర్ కోసిన వడ్లు ఆరబోయకుండానే, పచ్చివి పచ్చిగానే, మిల్లుల దారి పడతాయి. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక ఇక్కడి మెట్ట మాగాణి అయింది. మాగాణి వెంట మిల్లులు వచ్చాయి. ఇవాళ సన్న బియ్యం అంటే హైదరాబాద్ ఇళ్లలో వినబడే ఊరి పేర్లలో మిర్యాలగూడ ముందుంటుంది. ఆ బియ్యం పండించిన రైతుకు మాత్రం గేటు దగ్గర ట్రాక్టర్ ఆపేదాకా తన వడ్ల ధర తెలియదు. గుప్పెడు గింజలు అరచేతిలో నలిపి చూస్తారు. తేమ ఉందంటారు, తాలు ఉందంటారు. ఒక అంకె చెబుతారు. పచ్చి వడ్లు వెనక్కి తీసుకుపోతే ముక్కిపోతాయి కాబట్టి రైతు తల ఊపుతాడు.

ఈ గేటు దాకా పోకుండా తినేవాళ్లకే నేరుగా అమ్ముకుంటున్న చిన్న రైతులను చూద్దామని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో తిరిగాను. మొదట గరిడేపల్లి మండలం గడ్డిపల్లి వెళ్లాను. శ్రీ అరబిందో గ్రామీణాభివృద్ధి సంస్థ నడిపే కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే) ఉన్న ఊరది. కొత్త వంగడమైనా, కొత్త పద్ధతైనా రైతు పొలంలోనే వేసి చూపించడం కేవీకేల పని తీరు. పక్క చేలో పండింది కళ్లారా చూస్తేగాని రైతు నమ్మడు, నమ్మాల్సిన అవసరమూ లేదు. నేను చూడబోయే పొలం కథ కూడా అలా పక్క చేను చూసి మొదలైందే.

హుజూర్‌నగర్ నుంచి కోదాడ పోయే దారికి కాస్త లోపల, కాలువ కింద, భార్యాభర్తలిద్దరే చేసుకునే నాలుగెకరాల పొలం అది. మూడెకరాలు వరి, ఎకరం కూరగాయలు. గట్ల మీద కంది, బొప్పాయి. చింతచెట్టు నీడలో నీలం డ్రమ్ములో జీవామృతం ఊరుతోంది. ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్ పాలేకర్ చెప్పిన కొలతలే: 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. ఎకరానికి సరిపోతుంది. నాట్లకు ముందు జీలుగ చల్లి, పూతకు రాగానే దమ్ములో కలియదున్నుతారు.

"యూరియా చల్లితే రెండ్రోజుల్ల పచ్చగైతది. ఇది అట్ల కాదన్నా, మూడేండ్లు ఓర్సుకోవాలె. మొదట్ల దిగుబడి పడిపోతే ఊళ్లె నవ్విండ్రు," అన్నాడాయన.

ఓర్పు కంటే కష్టమైన చిక్కు నీళ్లది. కాలువ ఆయకట్టులో నీళ్లు మడి నుంచి మడికి పారతాయి. పై రైతు చల్లిన గుళికల మందు, కలుపు మందు అడగకుండానే కింది రైతు మడిలోకి దిగుతాయి. అందుకని వీళ్లు పై చేనును ఆనుకున్న మడిని విడిగా ఉంచి, ఆ వడ్లు వేరే కళ్లంలో పోసి బజారు ధరకే అమ్మేస్తున్నారు. తమ బియ్యంలో కలపరు. కొనేవాళ్లకు కనబడని నిజాయితీ అది. ఏటా ఆ మడి మేర వచ్చే అదనపు రాబడి వదులుకుంటున్నారు.

మిగతా పొలంలో సగం తెలంగాణ సోనా. రాజేంద్రనగర్‌లో తయారై 2015లో విడుదలైన ఆర్‌ఎన్‌ఆర్ 15048 అదే. మిగతా సగం బహురూపి, మైసూర్ మల్లిగ లాంటి దేశవాళీ రకాలు. వీటి పైరు ఎత్తుగా పెరుగుతుంది. ఈదురుగాలి వస్తే పడిపోతుంది. పడిన చేలో హార్వెస్టర్ సరిగా నడవదు, కూలీలతో కోయించాలి. విత్తనం మాత్రం కొనక్కర్లేదు. మంచి మడిలో కల్తీ కంకులు ఏరేసి, నిండు గింజలు ఎండబోసి, వేపాకు కలిపి దాస్తారు.

అసలు కష్టం పంట ఇంటికొచ్చాక మొదలవుతుందని అక్కడే అర్థమైంది. నిల్వ ఉండాలంటే వడ్లలో తేమ 14 శాతానికి దిగాలి. అంటే కళ్లంలో రోజుల తరబడి తిరగబోయాలి. మబ్బు పడితే పరదాలు పట్టుకుని పరుగెత్తాలి. ఆమె నాలుగు గింజలు తీసి పంటి కింద పెట్టింది. టక్కుమని విరిగితే ఆరినట్టు, సాగితే ఇంకో ఎండ కావాలి. ఆరిన వడ్లు బస్తాల్లో ఉంచి, ఆర్డర్లు వచ్చినన్నే మర పట్టిస్తారు. ముడి బియ్యంలో తవుడు పొర ఉంటుంది, తవుడులో నూనె ఉంటుంది. ఎక్కువ రోజులుంటే ముక్క వాసన వస్తుంది, పురుగు పడుతుంది. కాబట్టి నెలకోసారి ఐదారు బస్తాలు మర పట్టించాలి.

ఎక్కడ? మిర్యాలగూడ చుట్టూ లారీల కొద్దీ వడ్లు మింగే మిల్లులున్నాయి. వాటిలో ఐదు బస్తాలు పోస్తే యంత్రంలోనే కనబడకుండా పోతాయి. ఇతరుల గింజ కలవకుండా, పాలిష్ పట్టకుండా విడిగా ఆడించి ఇచ్చే చిన్న గిర్నీ కోసం వీళ్లు ఆటో కట్టించుకుని వేరే మండలానికి పోతున్నారు. ఒకప్పుడు ఊరికొకటి ఉన్న గిర్నీలు పెద్ద మిల్లులొచ్చాక మూతపడ్డాయి. బియ్యం రాజధాని లాంటి చోట చిన్న రైతుకు బియ్యం చేసుకునే దిక్కు లేకపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

అమ్మకం అంతా ఆమెదే. ఫోన్‌లో వాట్సాప్ గ్రూపు, చేతిలో రూళ్ల నోటుబుక్కు. పేరు, రకం, కిలోలు, డబ్బులొచ్చాయా లేదా అన్నీ రాసి ఉంటాయి. కోదాడ బస్టాండులో ఆర్టీసీ కార్గోకు మూటలు వేస్తే హైదరాబాద్‌లో కొన్నవాళ్లు వెళ్లి తీసుకుంటారు. 2020లో ఆర్టీసీ ఈ కార్గో పెట్టకముందు ఎవరో ఒకరు మూటల వెంట బస్సెక్కి పోవాల్సి వచ్చేదట. కూరగాయలు మాత్రం పట్నం పంపరు. పొద్దున కోసి కోదాడలోనే తెలిసిన ఇళ్లకు వేస్తారు.

"మిల్లుకాడ రేటు ఆళ్లు జెప్తరు, మనం వింటం. ఈడ రేటు మనం జెప్తం, ఆళ్లు వింటరు. కని అన్నా, జెప్పినంక మాట నిలబెట్టుకోవాలె. నూకలు ఎక్కువొచ్చినయని ఫోన్ జేస్తే మల్లా పంపాలె," అందామె.

లెక్క కూడా వేసి చూపించింది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో 2025–26కు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. సన్నాలకు రాష్ట్రం ఇచ్చే 500 బోనస్ కలిస్తే 2,889. అదే క్వింటాలు వడ్లు ఆడిస్తే 65 కిలోల బియ్యం చేతికొస్తాయనుకుంటే, తాను అమ్మే కిలో 80 చొప్పున 5,200. చూడగానే దాదాపు రెట్టింపు. అందులోంచి ఆటో, మర కూలి, సంచులు, కార్గో, పురుగు పట్టి పోయేవి తీసేయాలి. దిగుబడి ఎకరానికి కొన్ని బస్తాలు తక్కువన్నది లెక్కలోకి తేవాలి. డబ్బు ఒక్కసారి కాక ఏడాది పొడవునా కొద్దికొద్దిగా వస్తుంది. అయినా మిగులుతోంది. మందుల కొట్టులో బాకీ లేదు. అదే అసలు లాభమని ఇద్దరూ అన్నారు.

అందరూ ఇలా చేయొచ్చుగా అంటే తేలిగ్గా జవాబు చెప్పలేం. 2024 సెప్టెంబరు మొదట్లో కుండపోత వానకు కోదాడ మునిగింది, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అలాంటి ఏడు బియ్యం కోసం ఎదురుచూసే ఇళ్లకు రైతు ఏం పంపాలి? ఇక కౌలు రైతు సంగతి. నేల బాగుపడటానికి మూడేళ్లు పడుతుంది, కౌలు నోటిమాట ఏడాదికి. వచ్చే ఏడు చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు దానికి జీవామృతం ఎందుకు పోస్తాడు? వాడికి ఈ ఏడు గడిస్తే చాలు, యూరియా బస్తానే దిక్కు.

రైతు నేరుగా అమ్ముకోవడానికి దారులు కొంత తెరిచే ఉన్నాయి. 1999లో మొదలైన రైతు బజార్లు కూరగాయల రైతుకు ఆ దారి చూపించాయి. ఏడాదికి 12 లక్షల రూపాయల అమ్మకం దాటని చిన్న రైతు తన సేంద్రియ పంటను తినేవాళ్లకు నేరుగా అమ్మితే ధ్రువపత్రం అక్కర్లేదని ఆహార భద్రతా నిబంధనలు వెసులుబాటు ఇచ్చాయి. వరి రైతుకు లేనిది ఆ మధ్యలోని మెట్టు: మండలానికొక చిన్న బియ్యం మర, వానకు తడవని కళ్లం, నాలుగు నెలలు బస్తాలు దాచుకునే గది. ఎత్తిపోతలకు, కాలువల లైనింగుకు పెట్టే డబ్బు ముందు ఇవి లెక్కలోకే రావు. మహిళా సంఘాలు వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపిన జిల్లాలివి. ఒక మర నడపడం వాళ్లకు పెద్ద పని కాదు.

తినేవాళ్ల వంతు కూడా ఉంది. నచ్చినప్పుడు రెండు కిలోలు తెప్పించుకుని మరిచిపోతే రైతు నిలబడలేడు. ఏడాదికి ఎన్ని కిలోలు కావాలో నాట్లప్పుడే చెప్పి, కొంత డబ్బు ముందుగా ఇచ్చి, వాన చెడగొట్టిన ఏడు కూడా చేయి వదలని ఇళ్లు కావాలి. తన గింజకు తానే ధర చెప్పుకోవడం రైతు అడుగుతున్న దయ కాదు, అతని హక్కు. ఆ హక్కుకు కావలసిన మర, కళ్లం, కౌలు భద్రత సమకూర్చకుండా మందులు మానేయమని రైతుకు బోధించే అర్హత మనకు లేదు.